పడుగు సాచిన వీధి

మా వీధిలో తెల్లవారిందగ్గర్నుంచి ఎండెక్కేదాకా సైకిలు తొక్కడానికి ఉండేది కాదు. పాలవాడైనా పోస్టుమాన్ అయినా వీధి మొదట్లోనే దిగి, సైకిలు నడిపించుకుంటూ గోడవారగా రావాల్సిందే. వీధి నడిమధ్యన ఈ చివరి నుంచి ఆ చివరికి పడుగు సాచి ఉండేది. కత్తెర వేసిన కర్రల మీద నడుమెత్తున నూలుపోగులు బిగించి కట్టి, గంజి పట్టించి, చెరో పక్కన ఒక మనిషి నిలబడి పెద్ద కుంచెతో దువ్వుకుంటూ పోయేవాళ్లు. ఒక పోగు ఇంకో పోగుకి అంటుకోకుండా ఆరాలి. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కి తెగుతుంది. మంచు ఎక్కువైతే ఆరనే ఆరదు. అందుకే ఆ పని పొద్దు పొడిచే వేళకే మొదలయ్యేది. అది సాగుతుండగానే మాకు బడివేళ అయ్యేది. పుస్తకాల సంచీ గుండెకి హత్తుకుని, పడుగు కిందనుంచి వంగి దూరి అవతలికి పోయేవాళ్లం. కాస్త తల ఎత్తామంటే గంజి తడి జుట్టుకి అంటేది. బళ్లో పక్కన కూర్చున్నవాడు వాసన పట్టి, "మగ్గాల వీధోడివి కదరా నువ్వు" అనేవాడు.

విజయవాడ నుంచి చెన్నై వైపు వెళ్లే రైల్లో బాపట్ల దాటాక వస్తుంది చీరాల. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 87 వేలు. ఆరేడు కిలోమీటర్లు పోతే వాడరేవు, సముద్రం. ఇసుక నేల. సరుగుడు తోటలు, తాడిచెట్లు, జీడిమామిడి. వానాకాలంలో ఎక్కడ కాస్త తవ్వినా నీరు ఊరుతుంది. పాత పేరు క్షీరపురి అని పెద్దవాళ్లు చెబుతారు. బయటివాళ్లు మాత్రం చీరలు నేసే ఊరు కాబట్టి చీరాల అయిందనుకుంటారు. నేను పుట్టిన 1968లో ఇది గుంటూరు జిల్లా. 1970లో కొత్తగా వచ్చిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. రెండేళ్లకు ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022 నుంచి బాపట్ల జిల్లా. మా ఇల్లు పేరాల వైపు. చీరాల, పేరాల ఒకప్పుడు వేర్వేరు ఊళ్లు. వాటిని కలిపి కుట్టిన సంగతే మా ఊరికి చరిత్రలో చోటు సంపాదించిపెట్టింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు గది మగ్గానిది. మనుషులు వెనక గదిలో సర్దుకునేవాళ్లు. నేలలో తొడల లోతున గుంట, ఆ గుంటలోకి కాళ్లు దించి గట్టు మీద కూర్చుని నాన్న నేసేవాడు. గుంట ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "నేల చెమ్మ తగలాలిరా పోగుకి. చెమ్మ ఉంటేనే తెగదు" అన్నాడు. ఎడమచేయి పన్నె మీద, కుడిచేయి తాడు మీద. తాడు గుంజితే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకి దూసుకుపోయేది. నాడెలో కండె ఉంటుంది. కండె అయిపోగానే ఇంకోటి అందివ్వాలి. ఆ కండెలు చుట్టడం ఇంట్లో పిల్లల పని.

చిలప నూలుని చిక్కుతీసి తిరుగుడు మీద వేసి, రాట్నం తిప్పుతూ కండెకి చుట్టాలి. బడికి వెళ్లేలోపు ఇరవై కండెలు, బడినుంచి వచ్చాక మళ్లీ ఇరవై. అందులో పది నావి, పది అక్కవి. నా పది అయ్యేలోగా అక్క పదిహేను చుట్టేసేది. వదులుగా చుడితే నాడెలో పోగు జారి చిక్కుపడుతుంది, మరీ బిగువైతే తెగుతుంది. నాన్న కండె చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, మాట్లాడకుండా ఒకపక్కన పెట్టాడంటే అది నేను చుట్టిందన్నమాట.

నాకు ఎక్కాలు వచ్చింది ఆ గదిలోనే. నాన్న నేస్తూ ఉంటే నేను గట్టు పక్కన కూర్చుని అప్పజెప్పేవాణ్ణి. పన్నె దెబ్బ పడినప్పుడల్లా ఒక మాట. ఏడో ఎక్కం, పదమూడో ఎక్కం అన్నీ ఆ దరువుకే. తప్పు చెబితే నాన్న తిట్టేవాడు కాదు, మగ్గం ఆపేసేవాడు. ఆ నిశ్శబ్దానికి పక్కింటివాళ్లు కూడా, "ఏందిరా అబ్బాయ్, యాడ తప్పావు?" అని అడిగేవాళ్లు. నాన్న మూడో తరగతి దాకా చదివాడు. పందొమ్మిదో ఎక్కం దాకా నోటికి వచ్చు. పద్దు రాసుకోవడం వచ్చినా, రాసినదాన్ని నూలు ఇచ్చే షావుకారు పద్దుతో సరిచూసి గట్టిగా అడగడం రాదు. "నువ్వు అడగాలిరా. అడగటానికే చదువు" అనేవాడు.

మాది మునిసిపల్ బడి. మొదటి రెండు తరగతులకి బెంచీలు ఉండేవి కాదు. ఇసుక పరిచి, అందులో వేలితో ఓనమాలు దిద్దించేవారు. ఇసుకకి మా ఊళ్లో కరువు లేదు. మొదటి తరగతి మాస్టారు ప్రతి సోమవారం పిల్లల చేత కొత్త ఇసుక మోయించి, పాతది బయట పోయించేవారు. అంతకుముందు వారం నేర్చుకున్న అక్షరాలన్నీ ఆ ఇసుకతో బయటికి పోతాయేమోనని నాకు నిజంగా భయం వేసేది. అక్కని అడిగితే నవ్వి, నా అరచేతిలో 'అ' రాసి పిడికిలి మూసింది. "ఇది పోదులే" అంది.

అమావాస్య నాడు మగ్గాలకి సెలవు. బడికి మాత్రం ఉండేది కాదు. కానీ ఆ రోజు తరగతిలో సగం మంది కనిపించేవాళ్లు కాదు. నెలకి ఒక్కరోజే కదా నాన్నలు గుంటలోంచి పైకి వచ్చేది! ఆ రోజు నాన్న నన్ను వెంటబెట్టుకుని గడియార స్తంభం వైపు తీసుకెళ్లేవాడు. వేరుశనగకాయలు కొనిపెట్టేవాడు. చలికాలమైతే తంపటేసిన తేగలు. ఇవాళ వాడరేవు, రామాపురం బీచిలకి శనాదివారాల్లో హైదరాబాద్ కార్లు బారులు తీరుతున్నాయి. మా చిన్నప్పుడు మేం సముద్రానికి పోయేది ఏడాదికి ఒకసారి, కార్తీక పున్నమికి, ఎడ్లబండి మీద. నాన్న నీళ్లలోకి దిగి నడుములోతులో నిలబడి చాలాసేపు అలాగే ఉండేవాడు. మగ్గం గుంటలో కూర్చునీ కూర్చునీ బిగుసుకుపోయిన కాళ్లకి అలలు తగులుతుంటే హాయిగా ఉంటుందని అమ్మతో అనగా విన్నాను.

నాన్న నేసే గుడ్డని మా ఊళ్లో ఎవరూ కట్టుకునేవాళ్లు కాదు. ఎరుపు, నీలం, తెలుపు గళ్ల గుడ్డ. ఆర్.ఎం.హెచ్. అనేవాళ్లు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని దాని పూర్తి పేరు. పేరులో మద్రాసు ఉన్నా, నేసేది చీరాల, ఈపూరుపాలెం చుట్టుపక్కల ఊళ్లలో. ఎవరు కట్టుకుంటారు నాన్నా అంటే, "నైజీరియా అంట" అనేవాడు. ఆ మాట ఆయన నోట మా పక్క పేట పేరంత మామూలుగా వచ్చేది. ఆరో తరగతిలో సోషల్ మాస్టారు ఆఫ్రికా పటం గోడకి తగిలించినప్పుడు, నేను లేచి వెళ్లి నైజీరియా ఎక్కడుందో వెతికి వేలు పెట్టాను. మాస్టారు ఆశ్చర్యపోయి, నీకెలా తెలుసు అన్నారు. మా నాన్న వాళ్లకి గుడ్డ నేస్తాడండి అన్నాను. ఆయన ఆ రోజు పాఠం ఆపి, మీలో ఎవరెవరి ఇళ్లలో ఏమేం నేస్తారో చెప్పమని అందర్నీ అడిగారు. నలభై మందిలో ఇరవై మందికి పైగా చేతులెత్తారు. లుంగీలు, ధోవతులు, జనతా చీరలు, కుప్పడం అంచు చీరలు. అంతమందిమి ఒకే పని చేసే ఇళ్లనుంచి వచ్చామని మాకు తెలిసింది ఆ రోజే.

చాలా ఏళ్ల తరవాత తెలిసింది, నైజర్ డెల్టాలో కలబరి అనే జనం ఉన్నారని, మా గళ్ల గుడ్డని వాళ్లు 'ఇంజిరి' అంటారని, బిడ్డ పుట్టినా మనిషి పోయినా ఆ గుడ్డ లేనిదే వాళ్లకి గడవదని. మా ముందు గదిలో గుంటలో కూర్చుని నాన్న నేసిన గళ్లు ఎవరి పురిటికో, ఎవరి చావుకో వెళ్లాయి. నాన్న ఉండగా ఈ మాట చెప్పలేకపోయాను.

అంతకుముందు తరంలో తేలియా రుమాళ్లు ఉండేవి. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నూలుని రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, చిటికి కట్టి ఎరుపు, నలుపు అద్దకం వేసేవాళ్లు. అరబ్బు దేశాలకి పోయేవి. నాయనమ్మ వాళ్ల నాన్న నేసేవాడట. "మా నాయన పోయి యాభై ఏళ్లయినా ఆ నూనె వాసన నా ముక్కులో ఉంది" అనేది. ఆ నేత మా ఊళ్లో తగ్గిపోయి, నల్లగొండ వైపు పుట్టపాకలో నిలబడింది.

1977 నవంబరు 19, శనివారం. నేను నాలుగో తరగతి, అక్క ఏడు. గాలి ముందురోజు నుంచే మొదలైంది. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గరే. ఉప్పెన మాత్రం మాకు ఉత్తరాన ఉన్న దివిసీమని ముంచింది. తుఫాను కన్నుకి కుడిపక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుందని, ఆ కుడిపక్కన దివిసీమ ఉందని తరవాత చదువుకున్నాను. అక్కడ పదివేల మంది దాకా చనిపోయారు. మేం బతికిన కారణం అంత చిన్నది.

మా పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే నాన్న మగ్గం మీద ఉన్న పడుగుని కోసి తీద్దామని కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. కోయలేకపోయాడు. అది షావుకారు నూలు. చుట్టగా చుట్టి అటక మీద పెట్టేసరికి అటక మీది కప్పే ఎగిరిపోయింది. తెల్లవారేసరికి గుంట నిండా నీళ్లు. పైనుంచి పడిన వాన కొంత, కిందనుంచి ఊరిన నీరు కొంత. కండెల బుట్ట, తొక్కుడు పలకలు, నా పలక, అన్నీ ఆ నీళ్లలో తేలుతున్నాయి. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇంతే. నీళ్లు తోడిపోస్తే రాత్రికి మళ్లీ ఊరేవి. నేల ఎండి మగ్గం మళ్లీ ఆడటానికి సంక్రాంతి దాటింది.

ఆ రెండు నెలల తిండికి చేసిన అప్పు, తడిసి రంగులు కలిసిపోయిన పడుగు ఖరీదు కలిపి షావుకారు పద్దులో పడ్డాయి. ఏప్రిల్లో అక్క ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాసింది. పాసైంది. లెక్కల్లో తరగతికంతటికీ ఎక్కువ మార్కులు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు మాత్రం వెళ్లలేదు. ఎవరూ వెళ్లొద్దని అన్నట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు పొద్దున తన పది కండెలు చుట్టి, నా పది కూడా తనే చుట్టడం మొదలుపెట్టింది. "నువ్వు చదువుకోపో, ఇవి నేను చూసుకుంటా" అంది. అప్పటినుంచి రాట్నం అక్కదే. నేను ఎనిమిది, తొమ్మిది, పది చదివాను. దీపం వెలుతురు రెండు ముక్కలు చేసుకుని, ఒక పక్క నా పుస్తకం, ఒక పక్క అక్క రాట్నం. నేను చదివేది గట్టిగా చదవమనేది. నా పదో తరగతి సాంఘికశాస్త్రం అక్కకి నాకంటే బాగా వచ్చు.

ఆ పుస్తకంలో స్వాతంత్ర్య పోరాటం పాఠంలో మా ఊరు ఉంది. ఒక పేరా. చీరాల - పేరాల సత్యాగ్రహం, 1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. మార్కులు రెండు. గట్టిగా చదువుతుంటే గోడకి ఆనుకుని పడుగు పోగుల అచ్చు అతుకుతున్న నాయనమ్మ చేయి ఆపింది. "ఏందీ, ఏదీ మళ్లీ చదువు" అంది. చదివాను. "అంతేనా రాసింది?" అంది.

ఆ సత్యాగ్రహం నాటికి నాయనమ్మకి పదకొండేళ్లు. చీరాల, పేరాల రెండింటినీ కలిపి 1919లో సర్కారు మునిసిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏడాదికి నాలుగు వేల రూపాయలు ఉన్న పన్ను నలభై వేలైంది. ఎక్కువమంది నేతవాళ్లు, కూలిజనం. వద్దన్నారు, పన్ను కట్టం అన్నారు, జైలుకి పోయారు. అలా పోయినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్లో గాంధీగారు వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా నిలబడండి, లేదంటే ఊరు ఖాళీ చేసి మునిసిపల్ హద్దు బయటికి వెళ్లండి అని దారి చెప్పారు. గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టారు. ఎడింబరోలో చదువుకుని, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి ఆయన. ఆయన మాట మీద పదిహేను వేల జనంలో పదమూడు వేలకి పైగా ఇళ్లకి తాళాలు వేసి బయటికి నడిచారు. హద్దుకి అవతల పాకలు వేసుకుని రామనగరం అని పేరు పెట్టుకున్నారు. నడివేసవి. అక్కడే పదకొండు నెలలు. రామదండు అని వలంటీర్ల దళం కాపలా. గోపాలకృష్ణయ్యని అరెస్టు చేసి ఏడాది జైలు వేశాక, డబ్బు అందక, జనం ఒక్కొక్కరే వెనక్కి రావాల్సి వచ్చింది.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నాయనమ్మ చెప్పింది వేరు. "మగ్గం ఊడదీసి నెత్తిన పెట్టుకుపోవచ్చు గానీ, గుంటని మోసుకుపోలేం గదా! పోయినకాడ మళ్లీ తవ్వాలి. ఆ ఇసకలో గుంట నిలవదు. తవ్వినకొద్దీ గట్లు కూలతయ్. తాటి మొద్దులు కోసి చుట్టూ నిలబెట్టి, మధ్యలో మట్టి మెత్తి చేశాడు మా నాయన. మూడు దినాలు పట్టింది. నేను మట్టి మోశా. నాలుగోనాడు మగ్గం ఆడింది. ఆ చప్పుడికి మా అమ్మ ఏడ్చింది." కాసేపు ఆగి మళ్లీ అంది: "వాన వచ్చినప్పుడు పాకలో అందరం ఆ గుంట పక్కన ఒకళ్లనొకళ్లు ఆనుకుని నిలబడి, తాటాకులు దానిమీద కప్పేవాళ్లం. మేం తడిసినా పర్లేదు."

అక్క రాట్నం ఆపి వింది. నేను ఆ రెండు మార్కుల ప్రశ్నకి ఈ సంగతులు కలిపి పేజీన్నర రాశాను. మాస్టారు రెండు మార్కులే వేసి, పక్కన ఎర్రసిరాతో "ఎవరు చెప్పారు?" అని రాశారు. "మా నాయనమ్మ" అని ఆ కిందనే రాసి చూపించాను. ఆయన ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, నాయనమ్మ ఎదురుగా నేలమీద కూర్చుని, రెండు గంటలు విన్నారు. వెళ్తూ వెళ్తూ, "వేటపాలెం వెళ్లి పాత పేపర్లు చూడరా" అన్నారు.

వేటపాలెం చీరాలకి ఎనిమిది కిలోమీటర్లు. గంటకి పావలా అద్దె సైకిలు. ఊరు దగ్గరపడుతుంటే కాలుతున్న జీడిగింజల వాసన వచ్చేది. అక్కడి ఆడవాళ్ల వేళ్లు జీడిగింజ పెచ్చులోని నూనెకి నల్లబడి, తోలు ఊడి ఉండేవి. రైలు ఆగగానే కిటికీల దగ్గర అమ్మే తెల్లని జీడిపప్పు ఆ వేళ్లలోంచి వచ్చేదే. అది దాటాక సారస్వత నికేతనం. 1918లో వి.వి. శ్రేష్ఠి, తోటి యువకులు కలిసి పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చి దీని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఒక పల్లెటూళ్లో, ప్రజల చందాలతో, అంతటి గ్రంథాలయం నిలబడటం ఎంత గొప్పో నాకు అప్పుడు తెలియదు. అన్ని ఊళ్లలోనూ ఇలాగే ఉంటుందనుకున్నాను. తరవాత ఎన్నో ఊళ్లు తిరిగాను. లేదు.

పాత పత్రికల సంపుటాలు ఇమ్మని అడిగితే, అక్కడి పెద్దాయన నా వయసు అడగలేదు, ఎందుకని అడగలేదు. "చేతులు కడుక్కురా" అన్నారు, అంతే. పసుపురంగు తిరిగిన కాగితం. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. 1921 నాటి అక్షరాల్లో 'చీరాల' అని కనిపించగానే ఒళ్లు జలదరించింది. మూడు ఆదివారాలు వెళ్లి నోటుబుక్కులో రాసుకుని వచ్చి నాయనమ్మకి, అక్కకి చదివి వినిపించాను. తేదీలు, ఉపన్యాసాలు, అరెస్టులు అన్నీ ఉన్నాయి. గుంట మాట ఎక్కడా లేదు. "మగ్గం సంగతి పేపరోళ్లకేం తెలుసు. నువ్వు రాయి" అంది అక్క. ఆ మాట అన్న అక్కకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. పెళ్లి కుదిరింది.

1985 జులై 17. నేను ఇంటర్మీడియట్. పొద్దున కాలేజీకి పోతే ఏదో జరిగిందని గుసగుసలు. మా ఊరికి దగ్గర్లోని కారంచేడులో దళితుల మీద దాడి చేశారు. చెరువు నీళ్ల దగ్గర మొదలైన గొడవ. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు పొలాలకి అడ్డంపడి చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులు ఆ ఉద్యమానికి ముందు నిలబడ్డారు. రాష్ట్రమంతా చీరాల వైపు చూసింది. దళిత మహాసభ పుట్టింది ఆ కదలికలోనే.

శిబిరంలో నా తరగతివాడు ఒకడు ఉన్నాడు. అంతకుముందు వారమే నా దగ్గర రికార్డు పుస్తకం తీసుకున్నాడు. నన్ను చూసి మొదట అన్న మాట, "నీ రికార్డు ఇంట్లో ఉండిపోయిందిరా" అని. ఏం చెప్పాలో తెలియలేదు. పర్లేదు అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఇంటికి వచ్చి చెబితే నాయనమ్మ లేచింది. అప్పటికి డెబ్బై అయిదేళ్లు. వద్దన్నా వినకుండా తపేలాడు అన్నం వండించి, రిక్షాలో నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మా పేటలో అందరూ అలా వెళ్లలేదు. వెళ్లొద్దని చెప్పినవాళ్లూ ఉన్నారు. అది కూడా రాయాలి. నాయనమ్మ ఆ టెంట్ల మధ్య నిలబడి చాలాసేపు చూసింది. వచ్చేటప్పుడు రిక్షాలో అంది: "మేం మా ఇష్టాన పోయాం. ఇంటికి తాళం ఏసి, తాళంచెవి కొంగున కట్టుకుని పోయాం. తిరిగొచ్చి తాళం తీసుకున్నాం. వీళ్లకి తాళంచెవి లేదురా."

ఆ కుటుంబాలు మళ్లీ కారంచేడు వెళ్లలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకుని నిలబడ్డాయి. నా తరగతివాడు ఆ ఏడాది పరీక్షలు శిబిరం నుంచే వచ్చి రాశాడు. మా ఊరి గురించి ఎవరు అడిగినా నేను రామనగరంతో మొదలుపెడతాను, కాలనీ దాకా చెప్పకుండా ఆపను. ఈ రెండూ ఒకే ఊరి కథలు. రెండోది పిల్లల పుస్తకాల్లోకి ఎంతవరకు వచ్చిందని మాత్రం అడగాలనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చి నేను ఊరు వదిలాను. 1991లో నూలు ధర పెరిగింది. మన నూలు విదేశాలకి పోవడం ఎక్కువై, మగ్గానికి కావాల్సిన చిలప నూలు అందకుండా పోయింది. షావుకార్లు పని ఆపేశారు. చీరాల చుట్టుపక్కల ఆకలి చావులు. నాతో పాటు ఆరో తరగతిలో చేతులెత్తిన ఆ ఇరవై మందిలో ఒకరి తండ్రి అలా పోయాడు. నేతవాళ్ల కోసం చట్టసభల్లోనూ బయటా జీవితమంతా కొట్లాడిన ప్రగడ కోటయ్య అప్పటికి ముసలివాడు. 1985లోనే 22 రకాల బట్టలు చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. కోర్టుల్లో చిక్కుకుని అది కాగితం మీదే ఉండిపోయిన ఏళ్లలో మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నాన్న ఆ ఏడాది బతికింది నేను పంపిన మనియార్డర్ల మీద. ఆ డబ్బు ఆయన ఖర్చుపెట్టేటప్పుడు మొహంలో కనిపించిన ఇబ్బంది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మొన్న వానల్లో ఊరెళ్లాను. వీధి మొదట్లో సైకిలు దిగాల్సిన పని లేదిప్పుడు. సిమెంటు రోడ్డు, ఆటోలు. పడుగు సాచే చోట మోటారు సైకిళ్లు నిలబెట్టారు. మా వైపు నాలుగు ఇళ్లలో మాత్రం మగ్గం చప్పుడు వినిపించింది, కుప్పడం పట్టు. ఆ నాలుగింట్లో ఒక్కదాంట్లోనే నేసే మనిషికి యాభై లోపు వయసు. వాళ్లబ్బాయి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. బాగున్నాడు. అలా బాగుండాలనే కదా ఇళ్లన్నీ ఒక్కో జత చేతుల్ని మగ్గం దగ్గర్నుంచి తీసి బడికి ఇచ్చింది.

అక్క ఈపూరుపాలెంలో ఉంటుంది. నన్ను చూడ్డానికి ఇంటికి వచ్చింది. కుడిచేతి బొటనవేలి మీద పోగు కోసిన గాడి అలాగే ఉంది. నేను ఈ కథనం రాస్తున్నానని చెప్పాను. "గుంట సంగతి రాశావా?" అంది. రాస్తున్నానన్నాను. "రామనగరం గుంటా, మనదా?" అంది.

నాన్న చనిపోయిన ఏడాది మగ్గం తీసేశాం. గుంటలో ఇసుక పోసి, పైన గచ్చు చేయించాం. ముందు గది ఇప్పుడు అమ్మ పడుకునే గది. అక్క లేచి మంచం పక్కకి జరిపింది. మూడు రోజులుగా వాన. గదంతా పొడిగానే ఉంది. మధ్యలో మాత్రం గచ్చు మీద నలుచదరంగా చెమ్మ ఎక్కి, పాత గుంట అంచుల మేరకి నల్లగా కనిపిస్తోంది. ప్రతి వానాకాలం ఇంతేనంది అమ్మ. రెండుసార్లు గచ్చు పగలగొట్టి మళ్లీ వేయించిందట. అక్క ఆ చెమ్మ పక్కన గట్టు ఉండే చోట కూర్చుని, కాళ్లు చాపుకుని, అమ్మ ఇచ్చిన టీ తాగింది.